గురువారం గుండ్రంగా వేసిన పది కుర్చీలు

మొన్న రాత్రి మా ఫౌజు క్వార్టర్స్ లైన్స్‌లో కొత్తగా దిగిన శ్రీకాకుళం పిల్ల వాట్సాప్‌లో అడిగింది, "అక్కా, నాకు నాలుగో నెల, ఇక్కడ గురువారం అందరూ గ్రూపుగా చూపించుకుంటారంట కదా, లేకపోతే హాస్పిటల్‌కెళ్ళి ఒక్కదాన్నే డాక్టర్‌కి చూపించుకోవచ్చంట, నేను దేనికెళ్ళను" అని. వాయిస్ మెసేజ్ మొదలుపెట్టి నాలుగు నిమిషాలు మాట్లాడాక ఇది ఇలా తేలేది కాదనిపించి డిలీట్ చేసేశాను. నాకు రెండు కాన్పులూ ఫౌజు ఆసుపత్రుల్లోనే అయ్యాయి, మొదటిది ఒంటరి చెకప్‌లతో, రెండోది ఈ గురువారం గ్రూపుతో, రెండిట్లోనూ మంచీ చెడూ రెండూ చూశాను కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా. ఆ పిల్ల లాంటివాళ్ళు ఇంకెంతమంది ఉన్నారో, మొగుడు ఎక్కడో బోర్డర్‌లో ఉంటే భాష రాని ఊళ్ళో కడుపుతో ఉండి ఎవర్ని అడగాలో తెలీక.

మాది తాడేపల్లిగూడెం దగ్గరండి. మా పక్కనే మాధవరం, అందరూ మిలిటరీ మాధవరం అంటారు, ఇంటికొకరు ఫౌజులో ఉంటారని పేరు. అంత దగ్గర పుట్టి పెరిగినా ఫౌజీ భార్య బతుకు ఎలా ఉంటుందో పెళ్ళయ్యి క్వార్టర్స్‌కి వచ్చేదాకా నాకు తెలీదు. మా ఆయన ఇంజనీర్స్‌లో హవల్దార్. ఏడేళ్ళలో మూడు స్టేషన్లు మారాం, ఇప్పుడు బెంగళూరు, అంటే నేనూ పిల్లలూ బెంగళూరు, ఆయన ఫీల్డ్‌లో.

మొదటిసారి నెల తప్పినప్పుడు ఉత్తరాదిలో ఒక చిన్న స్టేషన్‌లో ఉన్నాం. తొలిచూలు పుట్టింట్లో అంటారు గానీ మా అమ్మకి అప్పుడే మోకాలి ఆపరేషన్ అయ్యింది, ఆవిడకే ఒకళ్ళు చెయ్యాల్సిన పరిస్థితి, అందుకని అక్కడే ఉండిపోయాను. మా పెళ్ళిని ఫౌజు రికార్డుల్లో ఎక్కించే పార్ట్ టూ ఆర్డర్ పడటం లేటయ్యి, ఫౌజు ఆసుపత్రిలో చూపించుకోవడానికి కావలసిన డిపెండెంట్ కార్డు చేతికొచ్చేసరికే నాకు నాలుగో నెల దాటింది. అప్పట్నుంచి నెలకోసారి ఏఎన్‌సీ రోజు, అంటే గర్భిణుల చెకప్ రోజు. పొద్దున్న ఏడున్నరకి ఫ్యామిలీ ఓపీడీ ముందు నిలబడి నంబర్ తీసుకోవడం, బరువు ఒకచోట, బీపీ ఇంకోచోట, యూరిన్ ఇంకో గదిలో, మళ్ళీ వచ్చి బెంచీ మీద కూర్చోవడం. నా నంబర్ పిలిచేసరికి పదకొండున్నర. లోపల డాక్టర్ మేడమ్ దగ్గర ఉండేది నాలుగు నిమిషాలు, మహా అయితే ఐదు. ఆవిణ్ణి తప్పుపట్టను, బయట అరవై మంది, లోపల ఆవిడొక్కతే, పైగా ఆవిడకి కూడా ఆరో నెల. మంచి మనిషి. "కోయీ తక్లీఫ్?" అని అడిగేది, నేను "నహీ మేడమ్" అనేదాన్ని. ఆ ఐదు నెలల్లో మేమిద్దరం మాట్లాడుకున్నదంతా కలిపినా అంతే.

ఎనిమిదో నెలలో తలనొప్పి మొదలైంది. మామూలు తలనొప్పి కాదు, కణతల దగ్గర ఎవరో కట్టేసి బిగించినట్టు, లేచి నిలబడితే కళ్ళ ముందు మిణుగురులు తిరిగినట్టు. దీన్ని హిందీలో ఎలా చెప్పాలి? తలనొప్పికి సర్ దర్ద్ అని తెలుసు, మిణుగురులకి ఏమంటారో తెలీదు. నిద్ర సరిగ్గా లేక అనుకున్నా, వేడి చేసిందనుకున్నా, మజ్జిగ తాగి పడుకున్నా. ఆ నెల చెకప్‌లో కూడా "నహీ మేడమ్" అనే వచ్చేశాను. ఇప్పుడు తల్చుకుంటే నాకు బాధ అనిపించేది ఆ నాలుగు నిమిషాల గురించి కాదండి, బయట బెంచీ మీద గడిపిన నాలుగు గంటల గురించి. నాతోపాటు ఇరవై మంది కడుపుతో ఉన్న ఆడవాళ్ళు, అందులో రెండోసారి, మూడోసారి కనబోయేవాళ్ళు కూడా ఉన్నారు, ఒక్కళ్ళు కూడా ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోలేదు, నంబర్ ఎక్కడ దాటిపోతుందోనని అందరం తలుపు వంకే చూస్తూ కూర్చున్నాం. ఆ బెంచీ మీద ఎవరికో ఒకరికి చెప్పినా "అమ్మో, అది బీపీ, లోపల చెప్పు" అనేవాళ్ళు.

చివరికి కనిపెట్టింది డాక్టర్ కాదు, పక్క క్వార్టర్ బీహారీ ఆంటీ. ముప్పై ఐదో వారంలో ఒక సాయంత్రం బట్టలు ఆరేస్తుంటే నా మొహం చూసి, "ఇదేంటి, రాత్రికి రాత్రి మొహం ఇంత ఉబ్బింది" అని చెయ్యి పట్టుకుని ఎంఐ రూమ్‌కి, అంటే యూనిట్ దగ్గరుండే చిన్న దవాఖానాకి లాక్కెళ్ళింది. బీపీ 160 మీద 110. గర్భిణికి 140 మీద 90 దాటితేనే జాగ్రత్త పడాలంట, అది నాకు అప్పుడు తెలీదు. అంబులెన్స్‌లో పెద్ద హాస్పిటల్‌కి పంపారు, మెగ్నీషియం ఇంజక్షన్ ఇచ్చారు, ఒళ్ళంతా మంటలు పెట్టినట్టుంటుంది అది, రెండు రోజులు చూసి ఆపరేషన్ చేసి తీశారు. పాప రెండు కిలోలు, తొమ్మిది రోజులు నర్సరీలో. మా ఆయనకి సిగ్నల్ దొరికి కూతురు పుట్టిందని తెలిసింది నాలుగో రోజున. ఒక్క మాట మాత్రం చెప్పాలి, ఆ హాస్పిటల్లో చేరాక నన్ను చూసుకున్న తీరు ఎక్కడా తక్కువ చేసి చెప్పలేను, ఒక సిస్టర్ అయితే డ్యూటీ అయిపోయాక కూడా నా దగ్గర కూర్చుని పాలు పిండటం నేర్పించింది.

ఇక గ్రూప్ సంగతి. ఇది నేను మొదట విన్నది మా బాబాయి కూతురి దగ్గర. దాని మొగుడు అమెరికా నేవీలో చేస్తాడు, నార్ఫోక్‌లో ఉండేవాళ్ళు. నా పాప నర్సరీలో ఉన్న రోజుల్లోనే దానికీ ఐదో నెల, ఫోన్లో చెప్పేది: "మా దగ్గర ఒకే నెలల్లో ఉన్న పదిమందిని ఒక గదిలో గుండ్రంగా కూర్చోబెడతారక్కా, రెండు గంటలు. బరువు, బీపీ మేమే చూసుకుని మా కార్డులో మేమే రాసుకుంటాం. ఒక మూల పరుపు వేసి ఉంటుంది, ఒక్కొక్కళ్ళూ వెళ్తే మిడ్‌వైఫ్ కడుపు కొలిచి గుండె చప్పుడు వింటుంది, మిగతా టైమంతా మాటలే." నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆ తర్వాత చదివి తెలుసుకున్నా, ఈ పద్ధతి పేరు సెంటరింగ్ ప్రెగ్నెన్సీ, 1990ల్లో షారన్ షిండ్లర్ రైజింగ్ అనే నర్స్ మిడ్‌వైఫ్ అమెరికాలో మొదలుపెట్టింది, ఎనిమిది నుంచి పన్నెండు మంది, మొత్తం పది సిట్టింగులు. ప్రతి మనిషికీ చెప్పిందే చెప్పి చెప్పి విసుగొచ్చి, అందరికీ ఒకేసారి చెబితే వాళ్ళలో వాళ్ళు కూడా చెప్పుకుంటారు కదా అన్నది అందులో ఉన్న అసలు కిటుకు. వినడానికి ఎంత చిన్న విషయమో చూడండి. మన ఊళ్ళో చెరువు గట్టున, వాకిట్లో బియ్యం ఏరుకుంటూ ఆడవాళ్ళు చేసింది ఇదే, కాకపోతే పక్కన బీపీ మిషనూ తెలిసిన మనిషీ ఉండేవారు కాదు.

రెండోసారి నెల తప్పేసరికి బెంగళూరు వచ్చేశాం. ఇక్కడ ముందు హాస్పిటల్‌లో ఒంటరిగానే చూపించుకున్నా, అదృష్టం కొద్దీ ఆ డాక్టర్ నా పాత డిశ్చార్జి కాగితం మొత్తం చదివింది, పది నిమిషాలు కూర్చోబెట్టి ఏమైందో అడిగింది, మొదటి కాన్పులో బీపీ అలా పెరిగింది కాబట్టి పన్నెండో వారం దాటగానే చిన్న డోస్ ఆస్పిరిన్ మొదలుపెట్టింది, రోజూ రాత్రి ఒకటి. ఇది నేను గట్టిగా చెప్పాలనుకుంటున్నా, ఎందుకంటే గ్రూప్ మీద ప్రేమతో ఇది దాచేస్తే అన్యాయం. మీ ఒక్కరి కాగితాలు, మీ ఒక్కరి పాత కథ ముందు పెట్టుకుని చదివే డాక్టర్ దొరికితే అంతకంటే విలువైంది లేదు. ఆ ఆస్పిరిన్ గ్రూపులో ఎవరూ రాసిచ్చేది కాదు.

గురువారం గ్రూప్ మా క్వార్టర్స్ దగ్గర ఫ్యామిలీ వెల్ఫేర్ సెంటర్‌లో. నడిపేది మిలిటరీ నర్సింగ్ సర్వీస్‌లో రిటైర్ అయిన మలయాళీ మేడమ్, అందరం కల్నల్ మేడమ్ అంటాం. సికింద్రాబాద్‌లో ఆరేళ్ళు పనిచేసిందంట, తెలుగు వచ్చు, "ఏమ్మా, అన్నం తిన్నావా లేదా, నిజం చెప్పు" అని అడుగుతుంది. రెండు వారాలకోసారి హాస్పిటల్ నుంచి ఒక లేడీ డాక్టర్ కూడా వచ్చి కూర్చుంటుంది. నేను మొదట ఇష్టంగా వెళ్ళలేదు. నా కడుపు సంగతులు పదిమందిలో ఏంటి అనిపించింది. మేడమే ఇంటికొచ్చి "ఒక్కసారి రా, నచ్చకపోతే రావద్దు" అంటే వెళ్ళాను.

మొదటి రోజే బీపీ మిషన్ నా చేతిలో పెట్టింది. చెయ్యి బల్ల మీద గుండెకి సమానంగా పెట్టు, కాళ్ళు నేలకి ఆనించు, కాలు మీద కాలు వేసుకోకు, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చో, అప్పుడు నొక్కు. పట్టీ బిగుసుకుంటూ బిగుసుకుంటూ ఒకచోట ఆగి, మళ్ళీ వదులవుతూ దిగుతుంటే అంకెలు తగ్గుతూ వచ్చి 118, 76 దగ్గర ఆగాయి. మేడమ్ ఏమీ అనకుండా పెన్ను ఇచ్చింది. నా కార్డులో నేనే రాశాను. మొదటి కాన్పులో అన్నిసార్లు బీపీ చూశారు, ఒక్కసారి కూడా ఆ అంకె ఎంతో నాకు తెలీదు, ఎవరో చూసేవాళ్ళు, ఎవరో రాసేవాళ్ళు, కార్డు మడిచి నా చేతిలో పెట్టేవాళ్ళు. ఆ రోజు ఆ రెండు అంకెలు రాస్తుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, పక్కన తంజావూరు అక్క చూసి ఏమీ అడగకుండా తన చేతిరుమాలు ఇచ్చింది.

షుగర్ టెస్ట్ రోజు బాగా గుర్తు. 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్ళల్లో కలిపి తాగి రెండు గంటలు కదలకుండా కూర్చోవాలి, ఆ తీపికి కడుపులో తిప్పుతుంది, వాంతి అయితే మళ్ళీ మొదట్నుంచి. హాస్పిటల్లో అయితే ఆ రెండు గంటలు నరకం. ఇక్కడ ఏడుగురం ఒకేసారి తాగి కూర్చున్నాం, ధార్వాడ్ అమ్మాయి వాళ్ళ అత్తగారు సీమంతానికి చేసే పేడా ఎలా చెయ్యాలో చెబుతుంటే "తీపి మాట ఎత్తకు తల్లీ" అని అందరం అరిచాం, రెండు గంటలు ఎలా గడిచాయో తెలీలేదు. ఇద్దరికి షుగర్ 140 దాటింది. ఆ ఇద్దరిలో ఒకామెకి భయం వేసి ఏడుస్తుంటే మూడో కాన్పు ఆవిడ, పోయినసారి తనకీ షుగర్ వచ్చి తిండి సర్దుకుంటే తగ్గిపోయిందని, రాగి సంకటి ఎంత తినాలో, అన్నం ఎంత తగ్గించాలో చేత్తో పిడికిలి పట్టి చూపించింది. డాక్టర్ డైట్ చార్ట్ ఇస్తుంది, నిజమే, కానీ ఆ చార్ట్‌లో ఓట్స్, బ్రౌన్ బ్రెడ్ ఉంటాయి, మా ఇళ్ళల్లో ఉండేది రేషన్ బియ్యం, పప్పు, సీఎస్‌డీ అనే ఫౌజు క్యాంటీన్ సరుకులు.

ఇంక దురద సంగతి. మాలో అందరికంటే చిన్నది, ఇరవై రెండేళ్ళ ఒంగోలు పిల్ల, ముప్పై నాలుగో వారం. అసలు నోరు తెరిచేది కాదు. ఒక గురువారం నిద్ర పట్టడం లేదని ఎవరో అంటే, కాళ్ళు పీక్కుపోవడం అని ఒకరు, మాటిమాటికీ బాత్రూమ్ అని ఒకరు, అలా గుండ్రంగా తిరుగుతూ తన దగ్గరికొచ్చేసరికి మెల్లిగా "నాకు రాత్రిళ్ళు అరిచేతులు, అరికాళ్ళు దురద, దద్దుర్లేం లేవు, గోడకేసి రుద్దుకుంటున్నా" అంది. మేమందరం పొట్ట సాగుతుంటే దురద మామూలే, కొబ్బరినూనె రాసుకో అన్నాం. కల్నల్ మేడమ్ మాత్రం లేచి నిలబడింది. ఆ పిల్ల చేతులు తిప్పి చూసి, "ఈ రోజే, ఇప్పుడే" అని బండి పిలిపించింది. అది లివర్‌కి సంబంధించిందంట, పైత్యరసం రక్తంలో చేరితే అరిచేతులు, అరికాళ్ళు దురద పెడతాయి, పైకి ఏమీ కనపడదు, బిడ్డకి మాత్రం ప్రమాదం. రక్తపరీక్షలో తేలింది, మందులిచ్చి, వారం వారం చూసి ముప్పై ఏడో వారంలో నొప్పులు తెప్పించి కాన్పు చేశారు. మగపిల్లాడు, బాగున్నాడు. ఆ పిల్లని తర్వాత అడిగా, హాస్పిటల్లో ఎందుకు చెప్పలేదని. "దురద కూడా ఒక రోగమా అక్కా, దానికోసం డాక్టర్ టైమ్ వేస్ట్ చెయ్యడం ఏంటి అనుకున్నా" అంది. నా మిణుగురులు గుర్తొచ్చాయి. డాక్టర్ "ఏమైనా ఇబ్బందా" అని అడిగితే మనం చెప్పేది మనకి ఇబ్బంది అనిపించినవే. ఏది చెప్పాలో మనకే తెలీనప్పుడు ఆ ప్రశ్నకి జవాబు ఉండదు, పక్కవాళ్ళ మాట విన్నప్పుడు "నాక్కూడా" అని వస్తుంది చూడండి, అది నాలుగు గోడల మధ్య ఒక్కదాని నోట్లోంచి రాదు. ఇదీ నేను ఆ శ్రీకాకుళం పిల్లకి చెప్పాలనుకున్న అసలు మాట.

దీని మీద అమెరికా మిలిటరీలోనే ఒక పరిశోధన జరిగింది, రెండు మిలిటరీ ఆసుపత్రుల్లో 322 మందిని లాటరీ పద్ధతిలో సగం గ్రూపుకి, సగం ఒంటరి చెకప్‌కి పంపి చూశారు, 2011లో అచ్చయ్యింది. గ్రూపులో ఉన్నవాళ్ళకి చెకప్‌లు సరిపడా అందడం దాదాపు ఆరు రెట్లు ఎక్కువంట, సంతృప్తి కూడా ఎక్కువ. కానీ ఒత్తిడి తగ్గడంలో, తోడు ఉందనిపించడంలో, డిప్రెషన్ లక్షణాల్లో ఇద్దరి మధ్యా తేడా కనిపించలేదు, తప్పు చేశామన్న భావం, సిగ్గు మాత్రం గ్రూపువాళ్ళలో తక్కువ. నాకు ఆ చివరిది చదివినప్పుడు బాగా అర్థమైంది. మొగుడు దగ్గర లేకపోవడం గ్రూపుకెళ్తే తగ్గదు, రాత్రి పదింటికి ఫోన్ మోగకపోతే వచ్చే ఆ భయం ఎక్కడికీ పోదు. పాపకి నెలలు నిండకుండానే కనేశాను, నా వల్లే అయ్యింది అని నాలుగేళ్ళు మోసిన బరువు మాత్రం నాకు ఆ కుర్చీల మధ్యే దిగింది. నెలలు నిండకుండా పుట్టడం గురించి కూడా చాలా చెబుతారు, 2007లో వెయ్యిమందికి పైగా చేసిన పరిశోధనలో అది గ్రూపువాళ్ళలో మూడో వంతు తగ్గిందని వచ్చింది, ఆ తర్వాత చేసిన ఇంకో పెద్ద పరిశోధనలో మొత్తం మీద ఆ తేడా కనపడలేదు. అందుకే ఎవరైనా గ్రూపుకెళ్తే బిడ్డ నిండు నెలలకి పుడుతుంది అని మాట ఇస్తే నమ్మకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2016లో గర్భిణికి కనీసం ఎనిమిదిసార్లు చెకప్ ఉండాలని చెప్పినప్పుడు గ్రూప్ పద్ధతిని ఇంకా పరిశోధన చేస్తూ వాడమనే చెప్పింది.

ఇప్పుడు చెడు కూడా చెప్పాలి, ఇది ఎవరూ బయటికి చెప్పరు. సివిల్‌లో అయితే గ్రూపులో ఉన్నవాళ్ళు ఆ రెండు గంటలు అయ్యాక ఎవరి ఇంటికి వాళ్ళు పోతారు, మళ్ళీ కనపడరు. మా దగ్గర అలా కాదు. కుర్చీలో నా ఎదురుగా కూర్చున్నావిడ నా పై అంతస్తులో ఉంటుంది, ఆవిడ మొగుడూ నా మొగుడూ ఫౌజులో ఒకే కంపెనీలో, అంటే ఒకే దళంలో. ఒకసారి మా గ్రూపులో ఒకావిడ, ఏడో నెల, మా ఆయన మూడు వారాల నుంచి సరిగ్గా మాట్లాడటం లేదు, ఫోన్ చేస్తే విసుక్కుంటున్నాడు అని చెప్పి ఏడ్చింది. అందరం ఓదార్చాం. రెండో రోజుకి ఆ మాట ఎవరి నోట్లోంచి వెళ్ళిందో తెలీదు, అక్కడ ఫీల్డ్‌లో వాళ్ళాయన పై అధికారి సుబేదార్ సాబ్ దాకా వెళ్ళింది, ఆయన మంచికే అనుకుని ఆ అబ్బాయిని పిలిచి "భార్యని ఏడిపిస్తున్నావంట" అన్నాడు. ఆ రాత్రి ఆ అబ్బాయి ఫోన్ చేసి ఆమెని అన్న మాటలు మా గోడల్లోంచి వినపడ్డాయి. ఆమె మళ్ళీ గురువారం రాలేదు. మిగతా రెండు నెలలు హాస్పిటల్‌కి ఒంటరిగా వెళ్ళి వచ్చింది. నేను తలుపు కొట్టి రెండుసార్లు పిలిచాను, "మీ తప్పు కాదు అక్కా, కానీ రాను" అంది. ఆమెకి ఆ సమయంలో అందరికంటే ఎక్కువ మనుషులు కావాలి, మేమే ఆమెని పోగొట్టుకున్నాం.

ర్యాంకు సంగతి ఇంకోటి. మేడమ్ మొదటి రోజే "ఈ గదిలో అందరం తల్లులమే" అంటుంది, అయినా ఒక ఆఫీసర్ గారి భార్య వచ్చిన రెండు గురువారాలు మావాళ్ళు కుర్చీ అంచు మీద కూర్చున్నారు, ఒక్క ప్రశ్న లేదు. పాపం ఆవిడ తప్పు ఏమీ లేదు, ఆవిడకీ మొదటి కాన్పే, ఆవిడకీ భయమే. ఇంకొకామె, పేరు చెప్పను, ముందు రెండుసార్లు గర్భం పోయింది, గ్రూపులో ఎవరో పిల్లలకి ఊలు టోపీలు ఎలా అల్లాలో చూపిస్తుంటే బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చునేది. అందరి సంతోషం మధ్య కూర్చోవడం కూడా కొందరికి శిక్షే. మా బాబాయి కూతురు కూడా రెండో కాన్పుకి ఒంటరి చెకప్‌కే వెళ్ళింది, ఎందుకే అంటే "మొదటిసారి అన్నీ తెలుసుకోవాలి కాబట్టి రెండు గంటలు బాగుండేది, ఇప్పుడు పెద్దోణ్ణి ఎక్కడ వదిలి వెళ్ళను, పైగా మూల పరుపు మీద పడుకుని మెల్లిగా చెప్పినా అందరికీ వినపడుతుందక్కా" అంది. దానిదీ నిజమే. చంటిపిల్లలున్నవాళ్ళకి రెండు గంటలు మాటలు కాదు.

మా దగ్గర కూడా ఆ మూల ఒక ఆకుపచ్చ తెర మాత్రమే ఉండేది. తెర మనిషిని కప్పుతుంది గానీ మాటని కప్పదు. తెల్లబట్ట గురించి, కలయిక గురించి, ఇంట్లో చెయ్యి చేసుకోవడం గురించి ఆ తెర వెనకాల ఎవరు అడుగుతారు? ఆ ఏడో నెల అమ్మాయి రావడం మానేశాక నేను కల్నల్ మేడమ్‌తో గొడవలాగే మాట్లాడాను. మొదటిసారి నాకు తలుపు ఉంది, మాట్లాడే మనుషులు లేరు, ఇప్పుడు మనుషులు ఉన్నారు, తలుపు లేదు, రెండూ ఎందుకు ఉండకూడదు మేడమ్ అన్నాను. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "నలభై ఏళ్ళు నర్సుని, నాకు తట్టలేదు" అంది.

నాకు మాత్రం రెండో కాన్పు ముప్పై ఎనిమిదో వారంలో, మామూలుగానే బీపీ 130 దాటకుండా అయ్యింది, బాబు రెండు కిలోల తొమ్మిది వందలు. ఆస్పిరిన్ వల్లో, వారం వారం నేనే చూసి రాసుకోవడం వల్లో, రెండోదానికి ఇలాగే ఉంటుందో నేను తేల్చి చెప్పలేను. నొప్పులొచ్చిన రాత్రి ఆటోలో నా పక్కన కూర్చుంది తంజావూరు అక్క, పాపని పడుకోబెట్టుకుంది ఒంగోలు పిల్ల, తన చంటాడితో పాటు. మా ఆయనకి ఈసారి ఆ రాత్రే తెలిసింది.

కాబట్టి చెల్లీ, నీకు తొలిచూలు, హిందీ రాదు, కన్నడ రాదు, అమ్మ దగ్గర లేదు. గురువారం రా. ఇరవై వారాల లోపు హాస్పిటల్‌కి కూడా ఒక్కదానివే ఒకసారి వెళ్ళు, నీ కాగితాలన్నీ పెట్టి, మీ అమ్మకి కాన్పుల్లో బీపీ, షుగర్ ఉండేదా అని ముందే ఫోన్ చేసి కనుక్కుని వెళ్ళు, ఆ మాటలు తలుపు వేసి చెప్పు. బీపీ అంకె ఎంతో అడిగి నువ్వే రాసుకో. కళ్ళ ముందు మిణుగురులు, మొహం వాపు, పైకడుపు నొప్పి, అరిచేతుల దురద, బిడ్డ కదలిక తగ్గడం, వీటికి గురువారం దాకా ఆగకు, ఏ రాత్రయినా నా తలుపు కొట్టు, మూడో బ్లాక్, కింద ఇల్లు. మీ ఆయన గురించిన మాటలు మాత్రం గుండ్రంలో చెప్పకు. దానికి ఇప్పుడు వేరే చోటు ఉంది. సెంటర్ పక్కన పాత కుట్టుమిషన్ల గది ఖాళీ చేయించాం, చివరి అరగంట మేడమ్ అక్కడ కూర్చుంటుంది, కావలసినవాళ్ళు ఒక్కొక్కళ్ళే వెళ్తారు. పోయిన వారం వడ్రంగి వచ్చి లోపలి వైపు గడియ బిగించాడు.